పాత ట్రైలర్‌లో లీకు ఎక్కడుందో సబ్బు నీళ్లే చెబుతాయి

పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) బాగుచేసేటప్పుడు బాగా విసిగించేది లీకు. తడి ఒక మూల కనిపిస్తుంది, నీళ్లు ఇంకెక్కడి నుంచో దిగుతుంటాయి. రెండుసార్లు కిటికీ చుట్టూ సీలెంట్ (సందులు మూసే జిగురు) దండగ చేశాక ఇలా పట్టుకున్నాను: లోపలికి గాలి ఊదితే అది కన్నాల్లోంచి బయటికి వస్తూ సబ్బు నీళ్లలో బుడగలు కడుతుంది.

పైకప్పు వెంట్‌కి (గాలి ఆడే రంధ్రానికి) సరిపడా అట్టముక్క కోసి, మధ్యలో ఆకులు ఊదే బ్లోయర్ మూతి పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ టేపు వేయండి. బ్లోయర్ కరెంటుదే వాడండి, పెట్రోలుదైతే పొగంతా లోపలికే పోతుంది. తలుపు, కిటికీలు, మిగతా వెంట్లు మూసి, సింకు రంధ్రంలో తడిగుడ్డ కుక్కండి. లీటరు నీళ్లలో రెండు చెంచాల గిన్నెల సబ్బు ద్రవం కలిపి స్ప్రే సీసాలో పోయండి. బ్లోయర్ తక్కువ స్పీడులో పెట్టి, బయట అతుకుల మీద, స్క్రూల మీద, లైట్ల చుట్టూ కొడుతూ రండి. కన్నం ఉన్నచోట సన్నటి బుడగలు గుంపుగా పొంగుతాయి. అక్కడ క్రేయాన్‌తో గీత పెట్టుకోండి, తడి మీద టేపు అంటుకోదు.

నా బండిలో పాపం కిటికీది కాదు, పైనున్న చిన్న లైటు వెనక వైరు రంధ్రానిది.

ఎండలోనో గాలిలోనో ఇది పనిచేయదు. బుడగ కట్టేలోపే సబ్బు ఆరిపోతుంది.