వేసవికి ముందు ఈతకొలను ఫిల్టర్ల శుభ్రత: తీసుకోవలసిన జాగ్రత్తలు

చలికాలమంతా మూతపడి ఉన్న అపార్ట్‌మెంట్ ఈతకొలనులు మార్చి వచ్చేసరికి ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. సెలవులు ఇచ్చాక పిల్లలు పొద్దస్తమానం నీళ్లలోనే ఉంటారు కనుక ఆలోపే నీళ్లు మార్చడం, టైల్స్ తోమించడం, మెట్లకు రంగు వేయించడం అన్నీ జరుగుతాయి. కంటికి కనిపించే ఈ పనులకు దక్కే శ్రద్ధ పంపు గదిలో ఉండే ఫిల్టర్‌కు మాత్రం దక్కదు. కొత్త నీళ్లు ఎన్ని పోసినా అవి పదేపదే తిరిగేది నెలల తరబడి కదలకుండా పడి ఉన్న ఆ ఫిల్టర్ గుండానే. పైగా ఈతకొలను నిర్వహణలో బాగా ప్రమాదం పొంచి ఉన్న పనుల్లో ఫిల్టర్ విప్పి శుభ్రం చేయడం ఒకటి. దీన్ని ఏ శిక్షణా లేని వాచ్‌మన్‌కు అప్పగించి, కనీసం గ్లౌజులైనా ఇవ్వకపోవడం చాలాచోట్ల జరుగుతున్న అన్యాయం.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇసుక ఫిల్టర్. పంపు నడుస్తున్నంతసేపూ దాని తొట్టి ఒత్తిడిలో ఉంటుంది. లోపల నీటితో పాటు గాలి కూడా చిక్కుకుంటే అపాయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీరు నొక్కితే కుంచించుకుపోదు, గాలి మాత్రం కుంచించుకుపోయి ఆ శక్తినంతా తనలో దాచుకుంటుంది. అలాంటి సమయంలో మూతను బిగించి ఉంచే క్లాంప్ వదులైతే మూత ముఖం మీదికి ఎగిరివస్తుంది. కాబట్టి మూత విప్పే ముందు పంపును ప్యానెల్‌లోని ఎం.సి.బి. (కరెంటు ఆపే స్విచ్) దగ్గరే ఆపి, వేరెవరూ వేయకుండా ప్యానెల్‌కు తాళం వేయాలి. ఆటోమేటిక్ టైమర్ ఉన్నచోట ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మనిషి తొట్టి మీదికి వంగి ఉన్నప్పుడే దాని వేళ వచ్చి పంపు తనంతట తానే నడవవచ్చు. ఆ తర్వాత తొట్టి పైనున్న గాలి వాల్వ్ తెరిచి, ఒత్తిడి చూపే గేజ్ ముల్లు సున్నాకు దిగేవరకు ఆగాలి. అయితే తేమకు పాడైన గేజ్‌లో ముల్లు ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోయి ఉండవచ్చు కనుక దాన్నొక్కదాన్నే నమ్మకుండా, గాలి చప్పుడు పూర్తిగా ఆగిందని, అడుగున డ్రెయిన్ ప్లగ్ నుంచి నీరు మెల్లగా కారుతోందని చూసుకున్నాకే క్లాంప్ మీద స్పానర్ పెట్టాలి. తిరిగి పంపు వేసేటప్పుడు కూడా గాలి వాల్వ్ తెరిచే ఉంచి, తొట్టికి దూరంగా నిలబడి, అందులోంచి గాలి పోయి నీరు ధారగా వచ్చాకే దాన్ని మూయాలి.

నీరు ఏ దారిన పోవాలో మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ హ్యాండిల్‌ను పంపు నడుస్తుండగా ఎన్నడూ తిప్పకూడదు. అలా తిప్పితే లోపలి గ్యాస్కెట్ లేచిపోతుంది, అప్పటినుంచి మురికినీరు ఇసుకలోకి పోకుండా పక్కదారి పట్టి నేరుగా కొలనులోకి చేరుతుంది. నీటిని ఇసుక గుండా ఎదురుదిశలో పంపి మురికిని బయటికి తోసే బ్యాక్‌వాష్ ఎప్పుడు చేయాలన్నది తేదీ చూసి కాదు, గేజ్ చూసి నిర్ణయించాలి. శుభ్రమైన స్థితిలో ఎంత ఒత్తిడి ఉందో గుర్తుపెట్టుకుని, దానికి మించి 8 నుంచి 10 పి.ఎస్.ఐ. (గేజ్ మీది ఒత్తిడి కొలత) పెరిగినప్పుడు చేయాలి. బయటికి పోయే నీరు కనిపించే సైట్ గ్లాస్‌లో నీరు తేటపడేవరకు, అంటే మామూలుగా 2, 3 నిమిషాలు బ్యాక్‌వాష్ నడిపి, పంపు ఆపి, వాల్వ్‌ను రిన్స్‌కు మార్చి మరో అర నిమిషం నడపాలి. ఈ రిన్స్ దశను వదిలేస్తే ఇసుకలో మిగిలిన మడ్డి అంతా కొలనులోకే వస్తుంది. రోజూ బ్యాక్‌వాష్ చేయడం మంచిదన్న నమ్మకం సరైనది కాదు. కాస్త మురికి పట్టిన ఇసుకే సన్నని రేణువులను బాగా ఆపుతుంది.

బోరునీళ్లతో నింపే కొలనుల్లో ఏడాదికి ఒక్కసారైనా మూత తీసి ఇసుకను కంటితో చూడాలి. నీటిలోని కాల్షియం పేరుకుని, దానికి తలనూనె, సన్‌స్క్రీన్ జిడ్డు తోడైతే, చదునుగా ఉండవలసిన ఇసుక పైపొర నెర్రెలిచ్చిన చెరువు మట్టిలా బిగుసుకుని ఉంటుంది. చేత్తో నొక్కితే గడ్డలు విరుగుతాయి, వాటి మధ్య బొరియలు కనిపిస్తాయి. నీరు ఆ బొరియల గుండా జారిపోతుందే తప్ప వడపోత జరగదు. అలాంటి ఇసుకను మార్చడమే మేలు. బాగా చూసుకున్నా 5 నుంచి 7 ఏళ్లకు మార్చవలసిందే. పాత ఇసుకను గునపంతో తవ్వితే అడుగునున్న ప్లాస్టిక్ లాటరల్స్ (వడిసిన నీటిని సేకరించే గొట్టాలు) విరుగుతాయి కనుక చిన్న డబ్బాతో తోడాలి. కొత్తది పోసే ముందు తొట్టిని సగం వరకు నీటితో నింపాలి, లేకపోతే ఇసుక బరువు నేరుగా ఆ లాటరల్స్ మీద పడుతుంది. పొడి సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, మామూలు చేతిరుమాలు దాన్ని ఆపలేదు. ఎన్95 మాస్క్ తప్పనిసరి.

ఇసుక ఫిల్టర్ ఆపగలిగేది సుమారు 20 నుంచి 40 మైక్రాన్ల రేణువులను. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి పరిమాణం 4 నుంచి 6 మైక్రాన్లే, పైగా మామూలు మోతాదు క్లోరిన్‌లో అది రోజుల తరబడి బతుకుతుంది. అందువల్ల విరేచనాలతో బాధపడుతున్న పిల్లలను నీళ్లలోకి దించకూడదు. ఆ వ్యాధి నిర్ధారణ అయితే, విరేచనాలు తగ్గాక కూడా రెండు వారాలు ఆపాలి. నీరు మసకగా ఉందని పటిక వేసేవారు, అడుగున పేరుకున్న మడ్డిని వాల్వ్ వేస్ట్ స్థానంలో ఉంచి బయటికి లాగివేయాలి, ఫిల్టర్‌లోకి పంపకూడదు.

ఇసుకకు బదులు మడతలు పెట్టిన బట్టతో వడపోసే కార్ట్రిడ్జ్ ఫిల్టర్లను హోస్ నీటితో పైనుంచి కిందికి, మడత మడతకూ కడగాలి. ప్రెషర్ వాషర్ వాడితే బట్ట పీచులు రేగిపోతాయి. జిడ్డు పట్టినదాన్ని ముందుగా డీగ్రీజర్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, బాగా కడిగి, ఆ తర్వాతే అవసరమైతే పలుచని యాసిడ్‌తో కాల్షియం తొలగించాలి. ఈ క్రమం తారుమారైతే జిడ్డు బట్టలోనే స్థిరపడిపోతుంది. ఎప్పుడైనా నీటిలో యాసిడ్ పోయాలి కానీ యాసిడ్‌లో నీరు పోయకూడదు. కార్ట్రిడ్జ్‌లో క్లోరిన్ మిగిలి ఉండగా యాసిడ్ తగిలితే విషవాయువు వెలువడుతుంది, కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. బ్లీచింగ్ పౌడర్, క్లోరిన్ బిళ్లలు, యాసిడ్ మూడింటినీ ఒకే అలమరలో పెట్టడం, ఒకే చెంచాతో తీయడం అగ్నిప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

హాట్ టబ్ (వేడినీటి తొట్టి) విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. వెచ్చని నీరు, తీవ్రమైన న్యుమోనియా కలిగించే లెజియోనెల్లా బాక్టీరియాకు అనువైన చోటు, కడగని కార్ట్రిడ్జ్ మడతల్లోని జిగట పొర దానికి దాక్కునే చోటు. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్ పూల ప్రదర్శనలో, ప్రదర్శనకు నడిపిన హాట్ టబ్ నుంచి లేచిన తుంపరలు పీల్చిన సందర్శకుల్లో కనీసం 32 మంది చనిపోయారు. వారు ఆ నీటిలో దిగినవారు కాదు, పక్కగా నడిచి వెళ్లినవారు. హాట్ టబ్‌లో ఫ్రీ క్లోరిన్ (క్రిములను చంపడానికి నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్) కనీసం 3 పి.పి.ఎం. (పది లక్షల పాళ్లలో 3 పాళ్లు) ఉండాలి, కొలనులో 1 నుంచి 3 వరకు సరిపోతుంది. నీటి ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే పి.హెచ్. 7.2, 7.8 మధ్య నిలపకపోతే ఆ క్లోరిన్ సరిగా పనిచేయదు. కార్ట్రిడ్జ్‌లు రెండు జతలు కొని పెట్టుకుంటే ఒకటి కడిగి ఆరేలోపు మరొకటి వాడవచ్చు.

అన్నీ బిగించాక, ఎవరినీ దిగనివ్వకముందే, అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ స్క్రూలను ఒక్కొక్కటీ చూడాలి. జాలీ విరిగినా, ఊడినా, పంపు లాగే బలానికి పిల్లల జుట్టు, చేతులు అందులో ఇరుక్కుంటాయి. అలాంటి కొలనును బాగుచేసేవరకు తెరవకూడదు. తర్వాత పంపును ఒక గంట నడిపి, గేజ్ చూపిన ఒత్తిడిని తేదీతో సహా చెరగని సిరాతో తొట్టి మీదే రాసి, ఎం.సి.బి. ఎక్కడుందో రాత్రి డ్యూటీ మనిషికి చేత్తో చూపించాలి.