పాత సీరియళ్లలో చట్టపు తప్పులు పట్టుకోవడం – 3వ పాఠం: వీలునామా సీను

కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో తేల్చుకోవడం గత పాఠంలో చూశాం. ఆ సంవత్సరాన్ని నోట్సులో పైన రాసి పెట్టుకోండి, ఈ పాఠంలో దానితో పనుంది.

పాత తెలుగు సీరియళ్లలో పెద్దాయన పోగానే లాయరు వచ్చి హాల్లో వీలునామా చదువుతాడు. హిందూ కుటుంబమైతే ముందు 1925 భారత వారసత్వ చట్టంలో 63వ సెక్షన్ తీయండి. రాసినాయన సంతకమో వేలిముద్రో ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆయన సంతకం పెడుతుండగా ప్రతి సాక్షీ చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయనే తనతో చెప్పి ఉండాలి. సాక్షులిద్దరూ ఒకేసారి అక్కడ ఉండక్కర్లేదు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. అందుకని "రిజిస్టర్ కాలేదు, చెల్లదు" అని జడ్జి కొట్టేస్తే అది చట్టపు తప్పు. అదే మాట విలన్ అంటే తప్పు కింద వేయకండి, అబద్ధాలాడటం ఆ పాత్ర స్వభావం. మాట ఎవరన్నారు, కోర్టు ఒప్పుకుందా అన్నవి రెండూ ఎపిసోడ్ నంబరు పక్కన రాయాల్సిందే.

విలన్ వీలునామా చింపేసే సీను దగ్గర కాస్త ఆగండి. 70వ సెక్షన్ ప్రకారం రద్దు చేసే ఉద్దేశంతో రాసినాయనే చింపాలి, లేదా ఆయన ఎదుట, ఆయన చెప్పగా మరొకరు చింపాలి. దొంగచాటుగా చింపితే వీలునామా రద్దు కాదు, రుజువు చేయడం కష్టమవుతుంది, అంతే. అంతకుముందే రిజిస్టర్ చేయించినట్టు చూపించి ఉంటే, దాని నకలు రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలో ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టకుండా కథ నెలల తరబడి నడిస్తే, అది చట్టపు తప్పు కాదు, కథలో కంత. వేరే పేజీలో రాయండి.

నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది కూతురి వాటా దగ్గర. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణను గుర్తుపెట్టుకుని, కూతురికి వాటా ఇచ్చిన 1990ల కథను తప్పుపడతారు. కానీ అదే చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. ఆనాటికి పెళ్లికాని కూతురికి, పంపకాలు జరగని పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. తండ్రి తన స్వార్జితాన్నీ పిత్రార్జితంలో తన వాటానీ మాత్రమే వీలునామాలో రాయగలడు.

అభ్యాసం: కథ 1992, ఆంధ్రప్రదేశ్. పంపకాలు కాని పిత్రార్జితపు ఇల్లు, స్వార్జితపు మిల్లు రెండూ కొడుక్కి రాసి తండ్రి పోయాడు. పెద్దమ్మాయి పెళ్లి 1980లో, చిన్నమ్మాయి పెళ్లి 1990లో అయ్యాయి. రెండో సాక్షి తండ్రిని కలవనేలేదు, లాయరు చెబితే మర్నాడు సంతకం పెట్టాడు. కోర్టు వీలునామా మొత్తం చెల్లుతుందంది. తప్పులెన్నో రాసి ఉంచండి, జవాబులు 4వ పాఠంలో.