రక్తపు వాంతులకు ఎమర్జెన్సీ ఎండోస్కోపీ: మత్తు ఇచ్చేముందు ఏం చెప్పాలి, ఏం అడగాలి

రక్తం కక్కుకున్నా, తారులా నల్లటి విరేచనాలై కళ్ళు తిరిగి పడిపోయినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. వైజాగ్‌లో కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్ళినా, ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రుల వైపు వెళ్ళినా దారిలో మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో మాత్రం గుక్కెడు నీళ్ళు కూడా పోయొద్దు.

నేను వైజాగ్‌లో ఎండోస్కోపీ గదిలో, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే చోట, నర్సుని. ఒక రాత్రి గాజువాక నుంచి ఒక పెద్దాయన్ని తెచ్చారు, ఏమైనా తిన్నారా అంటే కొడుకు లేదన్నాడు. మత్తు ఎక్కి, గొట్టం గొంతు దాటిందో లేదో, రక్తంతో పాటు నురగ, అన్నం మెతుకులు పైకి తన్నుకొచ్చాయి. రక్తంలో ఆక్సిజన్ 98 శాతం నుంచి 84కి పడిపోయింది. గొట్టం బయటికి తీసి, తల వైపు మంచం దించి, సక్షన్‌తో లాగాం. బతికారు. భోంచేశాక గ్యాస్ అనుకుని సోడా కూడా తాగించామని అప్పుడు చెప్పారు! మెలకువలో ఉన్న మనిషికి పొలమారితే దగ్గి బయటికి తోసేస్తాడు, మత్తులో ఆ దగ్గు రాదు, కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నిజానికి ఏమీ తినకపోయినా ఈ రోగుల కడుపు నిండా రక్తం ఉండొచ్చు. అందుకే కడుపు ఖాళీ అవడానికి కొందరికి ముందుగా ఎరిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములు నరానికి ఎక్కిస్తారు (గుండె మందులు వాడుతుంటే ఆ సంగతి అప్పుడే చెప్పండి). ఆగకుండా రక్తం కక్కుతున్నా, స్పృహ సరిగా లేకపోయినా ముందు శ్వాసనాళంలోకి ట్యూబ్ వేస్తారు. అది చూసి వెంటిలేటర్ అని బెంబేలెత్తి సంతకం పెట్టకుండా ఆపొద్దు, ఊపిరితిత్తుల్లోకి రక్తం పోకుండా కాపాడేది అదే. అందరికీ అది అక్కర్లేదు.

"ఇంకా లోపలికి తీసుకెళ్ళరేంటండీ" అని గొడవపడేవాళ్ళను రోజూ చూస్తాను. రక్తం పోయిన ఒంట్లో మత్తు మందు బీపీని ఇంకా పడగొడుతుంది, కాబట్టి ముందు సెలైన్, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే రక్తం ఎక్కించి బీపీ నిలబెట్టాలి. మామూలుగా 24 గంటల్లోపు, లివర్ జబ్బుతో అన్నవాహికలో నరాలు ఉబ్బి చిట్లాయని అనుమానముంటే 12 గంటల్లోపు చేస్తారు. ఆ గంటా రెండు గంటలు వృథా కాదు.

మందు అలవాటు దాచొద్దు. మామగారి ఎదుట చెప్పలేకపోతే నర్సుని పక్కకు పిలిచి చెప్పండి, మేమేమీ అనుకోం. రోజూ తాగేవాళ్ళకు మామూలు డోసు చాలక మధ్యలో లేచి పెనుగులాడతారు, అదే లివర్ చెడిపోయి ఉంటే మిడజోలం అనే మత్తు మందు కొంచెమిచ్చినా గంటలకొద్దీ దిగదు. గురక, ఆస్తమా, కట్టుడు పళ్ళు, ఇంతకుముందు మత్తు పడకపోవడం, ఇవన్నీ చెప్పండి. మోకాళ్ళ నొప్పులకు మింగే బిళ్ళలు, ఆస్పిరిన్, రక్తం పలచబడే మందుల స్ట్రిప్పులు కవర్లో వేసి తెచ్చేయండి. గుండెకు వాడే ఆస్పిరిన్‌ని మీ అంతట మీరు మానిపించొద్దు.

మొహమాటపడకుండా డాక్టర్‌ని ఒకటి అడగండి: గొట్టం పట్టుకున్నవాళ్ళు కాకుండా ఊపిరి, బీపీ చూడ్డానికే వేరే మనిషి ఉన్నారా? పరిస్థితి సీరియస్‌గా ఉంటే మత్తు డాక్టర్ ఉండాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుతో పాటు, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపించే మెషిన్ ఉంటే ఇంకా మంచిది, ఊపిరి ఆగినా క్లిప్పు కాస్త ఆలస్యంగా చెబుతుంది మరి. మిడజోలానికీ, నొప్పి తెలియకుండా ఇచ్చే ఫెంటానిల్‌కీ విరుగుడు ఇంజక్షన్లున్నాయి. ప్రొపొఫాల్ అనే ఇంకో మత్తు మందుకి లేదు, త్వరగా దిగుతుంది కానీ దాన్ని ఇచ్చే చెయ్యికి అనుభవం ఉండాలి.

బయటికి తెచ్చాక గొంతు మొద్దుబారడానికి కొట్టిన స్ప్రే తిమ్మిరి పోయినా సరే, డాక్టర్ చెప్పేదాకా నీళ్ళు ఇవ్వకండి. బ్యాంకు కాగితాల మీదా, ఆస్తి కాగితాల మీదా 24 గంటలు రోగి చేత సంతకాలు పెట్టించొద్దు. పిలిస్తే పలక్కుండా గుర్రుపెడుతుంటే నిద్రపోతున్నాడులే అని వదిలేయకుండా వెంటనే నర్సుని పిలవండి.