లైవ్ సింథ్ ఆల్బమ్‌ను అతుకు తెలియకుండా రిప్ చేయడం

కచేరీ ఆల్బమ్‌లో ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు మారేచోట చిన్న తొట్రుపాటు వినిపిస్తోందా? సాధారణంగా ఆ తప్పు డిస్కుది కాదు, దాన్ని రిప్ చేసి (కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి) ముక్కలు చేసిన తీరుది. గిటార్లూ డ్రమ్ములూ ఉన్న కచేరీలో చాలామంది దాన్ని పట్టించుకోరు. సీక్వెన్సర్ (స్వరాల వరసను తనంతట తానే కచ్చితమైన లయలో వాయించే పరికరం) నడిపే సంగీతంలో మాత్రం దొరికిపోతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక బీట్‌ను నాలుగు చేస్తే ఒక్కో భాగం సరిగ్గా 125 మిల్లీసెకన్లు. అంత కచ్చితంగా నడిచే వరసలోకి 25 మిల్లీసెకన్ల నిశ్శబ్దం చొరబడితే చెవి వెంటనే పసిగడుతుంది.

ఇలాంటి ఆల్బమ్‌లు ఎక్కడ తెగుతాయో ముందే తెలిస్తే పని తేలిక. ఫ్రెంచ్ సింథ్ సంగీతకారుడు జాన్-మిషెల్ జార్ 1981 అక్టోబరులో బీజింగ్, షాంఘైలలో ఇచ్చిన ఐదు కచేరీల నుంచి వచ్చిన 'ది కాన్సర్ట్స్ ఇన్ చైనా' 1982లో రెండు ఎల్పీలుగా విడుదలైంది. నాలుగు పక్కలు కాబట్టి మూడుచోట్ల ముల్లు ఎత్తాల్సిందే. జర్మన్ బృందం టాంజరీన్ డ్రీమ్ 1982 నవంబరు 6న లండన్ డొమినియన్ థియేటర్లో వాయించిన 'లోగోస్' ఒకటే పెద్ద రచన, ఎల్పీ కోసం దాన్ని రెండు భాగాలు చేశారు. మరో జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 'మినిమమ్-మాక్సిమమ్' (2005) సీడీ రూపంలో రెండు డిస్కులు. ఎల్పీ పక్క మారడం, డిస్కు మారడం, ట్రాక్ మారడం మూడూ వేర్వేరు సమస్యలు. చివరిదానికి పూర్తి పరిష్కారం ఉంది, మొదటి రెండింటికీ కొంతవరకే.

సీడీ నుంచి

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ, లినక్స్‌లో విప్పర్: ఏదైనా సరే, సెక్యూర్ మోడ్‌లోనే (చదివినదాన్ని సరిచూసుకునే పద్ధతిలో) చదివించండి. ముందుగా డ్రైవ్ ఆఫ్‌సెట్ సరిచేయాలి. ప్రతి డ్రైవూ డేటాను కొన్ని శాంపిళ్లు (ధ్వనిని వరసగా కొలిచి రాసిన అంకెలు) ముందో వెనకో చదువుతుంది. +6, +667 లాంటి అంకెలు కనిపించేది ఇక్కడే. అక్యురేట్‌రిప్ (ఇతరుల రిప్‌లతో పోల్చిచూసే ఆన్‌లైన్ డేటాబేస్) జాబితాలో ఉన్న డిస్కు ఒకటి పెడితే ప్రోగ్రామ్ తనంతట తానే ఈ విలువ కనిపెడుతుంది. అయితే ఆఫ్‌సెట్ తప్పినంత మాత్రాన ట్రాకుల మధ్య ఖాళీ రాదు. డిస్కు మొదట్లోనో చివర్లోనో కొన్ని శాంపిళ్లు పోతాయి, ఇతరుల రిప్‌తో చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా ఒకటేనా అని పోల్చే అంకె) కలవదు, అంతే. ఫ్యాన్స్ మధ్య "నీ రిప్ తప్పు" అనే తగవుల్లో సగం దీనివల్లో, వేరే ప్రెస్సింగ్ (వేరేసారి అచ్చువేసిన డిస్కు) వల్లో వచ్చేవే. వాదనకు దిగేముందు డిస్కు లోపలి అంచున చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు చూసుకోండి.

అసలు దెబ్బ తినేది గ్యాప్ సెట్టింగ్ దగ్గర. సీడీలో ప్రతి ట్రాక్‌కూ ఇండెక్స్ 01 అనే మొదలు గుర్తు ఉంటుంది, కొన్నిటికి దాని ముందు ఇండెక్స్ 00 కూడా ఉంటుంది. ఆ రెంటి మధ్య భాగాన్ని పాత సీడీ ప్లేయర్లు మైనస్ అంకెలతో లెక్కపెట్టేవి. స్టూడియో ఆల్బమ్‌లో అక్కడ ఉండేది నిశ్శబ్దమే. లైవ్ ఆల్బమ్‌లో చప్పట్లు, ఈలలు, వేదిక మీది మాటలు అక్కడే ఉండొచ్చు. గ్యాప్‌ను ముందు ట్రాక్ చివర కలపమనే సెట్టింగ్‌ను కదపొద్దు. "గ్యాప్ వదిలేయి" అని టిక్ పెడితే జనం చప్పుడు ఒక్కసారిగా మాయమై, తర్వాతి పాట హఠాత్తుగా మీద పడుతుంది.

దాచుకోవడానికి డిస్కు మొత్తం ఒకే ఫ్లాక్ ఫైలు (నాణ్యత పోకుండా కుదించినది), పక్కన ఒక క్యూ షీట్ (ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో రాసిన చిన్న ఫైలు). వినడానికి విడి ట్రాకులు. రెండూ ఉంచుకుంటే మంచిది, చోటు పెద్దగా తినవు.

1980ల నాటి తొలి సీడీల్లో ఇంకో చిక్కు ఉంది, ప్రీ-ఎంఫసిస్. మాస్టరింగ్‌లో పై స్వరాలను పెంచి రాస్తారు, ప్లేయర్ వాటిని తగ్గించి వినిపించాలి. పై అంచున ఈ పెంపు దాదాపు 10 డెసిబెల్స్. కంప్యూటర్‌లో రిప్ చేస్తే ఆ తగ్గింపు జరగదు, హై-హ్యాట్లు సూదుల్లా గుచ్చుకుంటాయి. కొన్ని డిస్కుల్లో ఈ గుర్తు విషయసూచికలో కాక సబ్‌కోడ్‌లో (ధ్వనితో పాటు డిస్కు పొడవునా రాసిన అదనపు సమాచారంలో) మాత్రమే ఉంటుంది. అందుకే లాగ్ ఫైలులో "లేదు" అని ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. అసలు రిప్‌ను అలాగే ఉంచి, దాని కాపీ మీద సాక్స్ ప్రోగ్రామ్‌లోని డీ-ఎంఫసిస్ ఎఫెక్ట్ నడిపి, 24 బిట్లలో సేవ్ చేయండి.

ఎల్పీ నుంచి

24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 96,000 శాంపిళ్లు) రికార్డు చేయండి. అత్యధిక స్థాయి −6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ముల్లు దించినప్పటి నుంచి ఎత్తేదాకా ఒక్కో పక్కా ఒకే ఫైలు. నాలుగు పక్కలూ అయ్యేదాకా గెయిన్ (రికార్డింగ్ స్థాయి) ముట్టుకోవద్దు. ముట్టుకుంటే పక్కలు కలిపేచోట జనం ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టో దూరమైనట్టో అనిపిస్తుంది. వేగం కూడా సరిచూడాలి. టర్న్‌టేబుల్ 1 శాతం ఎక్కువ తిరిగితే శ్రుతి 17 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పెరుగుతుంది, 120 బీట్లు 121.2 అవుతాయి.

క్లిక్కులు తీసే ఆటోమేటిక్ ఫిల్టర్ల జోలికి పోవద్దు. సింథ్ పెర్కషన్ దెబ్బకూ గీతవల్ల వచ్చే క్లిక్‌కూ ఆ ప్రోగ్రామ్ తేడా కనిపెట్టలేదు. రెండూ ఒకటి రెండు మిల్లీసెకన్ల పదునైన శిఖరాలే. ఫిల్టర్ వాడక తప్పదనుకుంటే, తీసేసిన శబ్దాన్ని మాత్రమే వినిపించే ఆప్షన్ నొక్కి చూడండి. అందులో లయ వినిపించిందా, మీరు తీసేస్తున్నది సంగీతాన్నే. కనబడ్డ క్లిక్కులను వేవ్‌ఫామ్ పెద్దది చేసి చేత్తో సరిదిద్దడమే మేలు. నాయిస్ రిడక్షన్ ఇంకా ప్రమాదం. చప్పట్లు కూడా ప్రోగ్రామ్ దృష్టిలో రొదే కాబట్టి, దాన్ని గట్టిగా నడిపితే వేలమంది జనం నీళ్లలో మునిగి చప్పట్లు కొట్టినట్టు గుళగుళమంటుంది.

ఇక పక్కలు కలపడం. ఒక పక్క చివర చప్పట్లు మెల్లగా తగ్గి, రెండో పక్క మొదట మెల్లగా పెరిగితే ఆ రెంటినీ 3, 4 సెకన్లు ఒకదాని మీద ఒకటి వేసి క్రాస్‌ఫేడ్ చేయండి. ఇక్కడ ఈక్వల్ పవర్ వంపే (ఒకటి తగ్గి ఇంకోటి పెరిగే తీరు) ఎంచుకోవాలి. సరళరేఖ వంపులో నడిమధ్యన రెండూ సగం సగం ఉంటాయి. సంబంధంలేని రెండు రొదలు అలా కలిస్తే మొత్తం 3 డెసిబెల్స్ పడిపోతుంది, జనం ఒక్క క్షణం గుక్క తిప్పుకున్నట్టు ఉంటుంది. ఈక్వల్ పవర్‌లో చెరో 0.707 వంతు ఉండటంతో స్థాయి నిలుస్తుంది.

ఒకే సీక్వెన్స్ రెండు పక్కల్లోనూ కొద్దిగా పునరావృతమైతే క్రాస్‌ఫేడ్ వద్దు. రెండుసార్లు తిరిగిన పళ్లెం శాంపిల్‌కు శాంపిల్ కలవదు, కలిపితే స్వరం డొల్లగా మోగుతుంది. ఏదో ఒక గట్టి బేస్ దెబ్బ మొదలయ్యే అంచున నేరుగా కోసి అతకండి. 96 కిలోహెర్ట్జ్‌లో, 120 బీట్ల వేగానికి ఒక పావు బీట్ 12,000 శాంపిళ్లు. అతుకుకు ముందు దెబ్బ నుంచి తర్వాతి దెబ్బకు అంత దూరం వచ్చిందో లేదో కొలిచి చూడొచ్చు. సంగీతమే ఫేడ్ అయిపోయి ఉంటే వదిలేయండి. పోయిన ధ్వనిని ఏ క్రాస్‌ఫేడూ తిరిగి తేలేదు.

ట్రాకులుగా కోసేటప్పుడు

ఈక్వలైజర్, శాంపిల్ రేటు మార్పు, వాల్యూమ్ సర్దుబాటు ఏదైనా మొత్తం ఫైలు మీదే, కోయకముందే చేయాలి. కోసిన తర్వాత శాంపిల్ రేటు మారిస్తే ఫిల్టర్‌కు ప్రతి ముక్క అంచునా అవతలి శాంపిళ్లు దొరకవు, ప్రతి అతుకు దగ్గరా చిటుక్కుమనే అవకాశం ఉంది. ట్రాక్ ట్రాక్‌కూ విడిగా నార్మలైజ్ చేస్తే (అత్యధిక స్థాయిని ఒకే అంకెకు తెస్తే) మెట్లు మెట్లుగా శబ్దం ఎక్కి దిగుతుంది.

చప్పట్లు అయిపోయిన పాటకే చెందాలి, కొత్త పాట దాని మొదటి స్వరంతో మొదలవ్వాలి. చప్పట్లు సద్దుమణగకముందే సీక్వెన్సర్ అందుకుంటే, దాని తొలి దెబ్బకు రెండు మూడు ఫ్రేముల ముందు గుర్తు పెట్టండి.

ఫ్రేము అంటే సీడీలో సెకనులో 75వ వంతు, 588 శాంపిళ్లు. ఫైళ్లుగానే వింటే ఎక్కడ కోసినా ఫరవాలేదు. మళ్లీ సీడీ రాసే ఆలోచన ఉంటే 588 గుణిజాల దగ్గరే కోయాలి, లేకపోతే చివరి ఫ్రేములో మిగిలిన చోటును రైటర్ సున్నాలతో నింపుతుంది. 120 బీట్ల వేగంలో ఒక బీట్ 37.5 ఫ్రేములు, కాబట్టి బీట్ విడిచి బీట్ మాత్రమే ఫ్రేము అంచుతో కలుస్తుంది. గుర్తును దానికంటే ముందొచ్చే ఫ్రేము అంచుకు జరపండి, తర్వాత వచ్చే అంచుకు జరిపితే కొత్త పాట మొదటి స్వరం పాత ట్రాక్‌లో ఇరుక్కుంటుంది. ఇక "జీరో క్రాసింగ్ (తరంగం సున్నాను దాటే చోటు) దగ్గరే కోయాలి" అన్న సలహా ఇక్కడ అక్కర్లేదు. రెండు ముక్కలూ పక్కపక్కనే సాగితే అంచు ఎక్కడున్నా వినపడదు.

ఎంపీ3 చేయక తప్పకపోతే

ఎంపీ3 1,152 శాంపిళ్ల ముద్దలుగా నడుస్తుంది. ఎంపీ3 తయారుచేసే లేమ్ ఎన్‌కోడర్ మొదట్లో 576 శాంపిళ్లు చేరుస్తుంది, దాన్ని విప్పి వినిపించే డీకోడర్ మరో 529. మొత్తం 1,105, అంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 25 మిల్లీసెకన్లు. మొదట్లో చెప్పిన తొట్రుపాటు అదే. చివర ముద్ద నింపడానికి ఇంకొంత చేరుతుంది. ఎంత చేరిందో లేమ్ తన ట్యాగ్‌లో రాసిపెడుతుంది, దాన్ని చదివే ప్లేయరైతే ఆ మేరకు కత్తిరించి వినిపిస్తుంది. చదవనిదైతే దారి లేదు, ఫ్లాక్ వాడండి.

ప్లేయర్లో క్రాస్‌ఫేడ్ ఆపేయండి, గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. రీప్లేగెయిన్ (శబ్ద స్థాయిని సమం చేసే ట్యాగ్) వాడితే ఆల్బమ్ విలువ ఎంచుకోండి, ట్రాక్ విలువ కాదు. నెట్‌వర్క్ స్పీకర్లలో తర్వాతి ఫైలును ముందే సిద్ధం చేసుకోలేనివి ఉన్నాయి. వాటికి మొత్తం డిస్కును ఒకే ఫైలుగా ఇవ్వడం తప్ప మార్గం లేదు.

ట్యాగుల్లో విడుదల సంవత్సరాన్నీ రికార్డింగ్ తేదీనీ వేర్వేరు గడుల్లో రాయండి. చైనా ఆల్బమ్‌కు విడుదల 1982, రికార్డింగ్ 1981 అక్టోబరు.

చివరిగా పరీక్ష. ప్రతి అతుకుకూ 5 సెకన్ల ముందునుంచి 5 సెకన్ల తర్వాతిదాకా హెడ్‌ఫోన్లలో వినండి. అనుమానం వస్తే రెండు ఫైళ్లనూ ఎడిటర్లో వరసగా పెట్టి, 50 మిల్లీసెకన్లు తెరనిండా కనిపించేదాకా పెద్దది చేయండి. చప్పట్ల గజిబిజి మధ్య గీత గీసినట్టు సాపుగా ఉన్న ముక్క కనిపిస్తే దాని పొడవు కొలవండి. 588 శాంపిళ్లకు లోపే ఉంటే అది ఫ్రేము నింపడానికి చేరిన సున్నాలు. 1,105కు దగ్గరగానో ఎక్కువగానో ఉంటే ఆ ఫైలు ఫ్లాక్ అని పేరు పెట్టుకున్నా ఒకప్పుడు ఎంపీ3 అయి ఉంటుంది. స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్వరం ఎంత ఉందో చూపే చిత్రం) తెరిచి చూడండి, 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే సందేహమే అక్కర్లేదు, డిస్కు తెచ్చి మళ్లీ రిప్ చేయాల్సిందే.