పాత ఇంట్లో వైరింగ్ మార్చి, కొత్త ఫ్లోరింగ్ వేయించడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో చాలా ఇళ్ళది ఒకటే తీరు. వీధి వైపు సన్నటి ముఖం, లోపలికి గది వెనక గది, అటూ ఇటూ పొరుగువాళ్ళతో కలిసిన గోడలు, చివర పెరడు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊళ్ళు కాబట్టి మద్రాసు టెర్రస్ మిద్దెలు (చెక్క దూలాల మీద ఇటుక, సున్నం పరిచిన కప్పులు), సున్నపు గోడలు ఇంకా కనిపిస్తాయి. ఇలాంటి ఇంటికి మరమ్మతు అనగానే అందరూ ముందు టైల్స్ షాపుకు పరిగెడతారు, వైరింగ్ సంగతి మిగిలిన డబ్బుతో చూద్దామంటారు. అలా చేస్తే కొత్త నేలను మళ్ళీ పగలగొట్టుకోవాల్సి వస్తుంది. ఏ నేల వేయాలో మొదటే తేల్చుకోండి, వేయించడం మాత్రం అన్నిటికన్నా చివర. వైరింగ్, పైపులు, ప్లాస్టరింగ్ ఈ రెంటి మధ్యలోనే అయిపోవాలి.

మొదట నేల మందం

పాత గచ్చు మీదే గమ్ముతో టైల్ అతికిస్తే నేల దాదాపు 15 మి.మీ. లేస్తుంది. సిమెంటు మాలు పరిచి వేస్తే 2 అంగుళాల దాకా లేస్తుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో చాలా ఇళ్ళ అరుగులు ఇప్పటికే కిందికైపోయాయి, అందుకని నేల ఎత్తు పెంచాలనిపించడం సహజం. కానీ 2 అంగుళాలు పెంచితే గడప సగం పూడిపోతుంది, తలుపులన్నీ కింద కోయాలి. గడప పూడ్చడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. పాత గచ్చు గట్టిగా ఉంటే గమ్ము పద్ధతి, గుల్లగా ఉంటే మొత్తం తవ్వించి పాత మట్టానికే కొత్త నేల. మట్టం ఖాయమయ్యాక ప్రతి గదిలో గోడ మీద గీత కొట్టించండి. స్విచ్ బోర్డుల ఎత్తు ఆ గీత నుంచి కొలవాలి, పాత నేల నుంచి కాదు.

పాత వైరు తీసేయడం

చెక్క బ్యాటెన్ మీద రబ్బరు తొడుగు వైరు, గుండ్రటి చెక్క బ్లాకులు, పింగాణీ కట్అవుట్లు (పాతకాలం ఫ్యూజు పెట్టెలు) కనిపిస్తే అందులో ఏదీ ఉంచవద్దు. ఆ రబ్బరు వేలితో నొక్కితే పొడై రాలుతుంది. కొన్ని ఇళ్ళలో కరెంటు తిరిగెళ్ళే వైరు, అంటే న్యూట్రల్‌కు కూడా ఫ్యూజు ఉంటుంది. అది పోతే లైటు ఆరుతుంది గానీ వైరులో కరెంటు అలాగే ఉంటుంది. బల్బు వెలగడం లేదని చెయ్యి పెట్టకండి. టెస్టరుతో, టెస్ట్ ల్యాంపుతో రెండు సార్లు చూసుకున్నాకే ముట్టుకోవాలి. మీటరు సీలు, దానికి ముందున్న లైను టీపీఎస్‌ఓడీఎల్ (కరెంటు సరఫరా కంపెనీ) వాళ్ళవి, వాటి జోలికి పోవద్దు. పనికి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పెట్టండి. కింద చెప్పేవన్నీ ఆయన చేత దగ్గరుండి చేయించుకోవలసినవి.

సామాను సంగతి త్వరగా: లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మి.మీ. రాగి వైరు, 10 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్). 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5 చ.మి.మీ., 16 ఆంపియర్ల ఎంసీబీ. ఏసీకి, గీజరుకు దేనికది విడిగా 4 చ.మి.మీ., 20 ఆంపియర్ల ఎంసీబీ. మీటరు నుంచి డీబీకి (ఎంసీబీలన్నీ ఉండే పెట్టెకు) కనీసం 6 చ.మి.మీ., ఏసీ ఉంటే 10. ఎర్త్ వైరు (లీకైన కరెంటును భూమిలోకి పంపేది) ఆకుపచ్చ, న్యూట్రల్ నలుపు. రంగులు తారుమారైతే ఆ రోజు పని ఆపించండి.

గోడలో గాడి నిలువుగానే కొట్టాలి. అడ్డంగా పొడవాటి గాడి తీస్తే సున్నపు గోడ బలం పోతుంది. పొరుగింటితో కలిసిన గోడల్లో అసలు గాడే వద్దు, పైపు బయటే క్లిప్పులతో బిగించండి. మద్రాసు టెర్రస్ కప్పును కూడా తవ్వకండి, దూలం పక్కన పైపు నడిపిస్తే సరిపోతుంది. గాడి పూడ్చడానికి సున్నం, ఇసుక కలిపిన మాలే వాడాలి. మెత్తటి సున్నపు గోడలో ఒట్టి సిమెంటు పట్టదు, రెండు వానాకాలాల్లో పెచ్చుగా ఊడొస్తుంది.

అసలు కష్టం: ఎర్త్, న్యూట్రల్

నూటికి తొంభై మంది చెడగొట్టేది ఇక్కడే. మిగతా అన్నిటి మీద కలిపి పెట్టే శ్రద్ధ దీనొక్కదాని మీద పెట్టండి.

పాత ఇళ్ళలో ఎర్త్ అంటే చాలాసార్లు ఇనప నీళ్ళ పైపుకు చుట్టిన తీగే. బాత్రూం బాగుచేస్తూ ఆ పైపు తీసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు వేయగానే ఎర్త్ మాయమవుతుంది. ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎర్త్ లేకపోయినా ఫ్రిజ్ నడుస్తుంది. ఒకరోజు దాని తలుపు షాకు కొడుతుంది. అప్పుడు వచ్చిన మనిషి మూడు పిన్నుల సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న ముక్క వైరు కలిపి, సరిపోయిందంటాడు. ఇంతకన్నా ప్రమాదమైన పని ఇంకొకటి లేదు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, 230 వోల్టులూ నేరుగా ఫ్రిజ్ బాడీ మీదికి వస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తుఫానులకు స్తంభాలు కూలే మన వైపు, న్యూట్రల్ తెగదని ఎవరు హామీ ఇస్తారు?

అందుకని పెరట్లో సొంత ఎర్త్ గుంత తీయించాలి. గోడకు కనీసం మీటరున్నర దూరం. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుము) పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు, పైన నీళ్ళు పోయడానికి గరాటు, మూత. ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోయాలి. గోపాల్‌పూర్ వైపు ఉప్పు నేలలో జీఐ త్వరగా తుప్పు పడుతుంది, అక్కడ రాగి పూత రాడ్ మేలు. రాయగడ, కోరాపుట్ వైపు రాతి నేలలో ఒక గుంత చాలదు. మూడు మీటర్ల దూరంలో రెండోది తీసి రెంటినీ కలపాలి. ఎర్త్ టెస్టరుతో కొలిస్తే 5 ఓంల లోపు రావాలి.

ఇక ఆర్‌సీసీబీ. కరెంటు లీకేజీని పట్టే స్విచ్ ఇది. 30 మిల్లీ ఆంపియర్లది లేకుండా డీబీ మూయనివ్వకండి. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది, తేడా వస్తే పడిపోయి కరెంటు ఆపేస్తుంది. పాత అలవాటున్న వాళ్ళు దగ్గర్లో ఏ న్యూట్రల్ దొరికితే దాన్నే కలుపుతారు. దాంతో ఒక సర్క్యూట్‌లో వెళ్ళిన కరెంటు ఇంకో దారిలో తిరిగొస్తుంది, ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. తర్వాత అది చెడ్డ మాలు అని చెప్పి బైపాస్ చేసేస్తారు. ఇంట్లో ప్రాణం కాపాడే ఒకే ఒక్క పరికరం అలా అలంకారంగా మిగిలిపోతుంది.

ముఖ్యంగా మెట్ల లైటు చూడండి. ఫేజు (కరెంటు తెచ్చే వైరు) కింది అంతస్తు సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ పై అంతస్తు నుంచి తీసుకోవడం పాత అలవాటు. రెండూ ఒకే సర్క్యూట్‌వి కావాలి. ఇన్వర్టరు ప్లగ్గు ఏ ఆర్‌సీసీబీ వెనక ఉంటే, దాని మీద నడిచే లైట్ల న్యూట్రళ్ళు కూడా ఆ ఆర్‌సీసీబీ బార్ (న్యూట్రళ్ళన్నీ బిగించే పట్టీ) మీదికే రావాలి.

పరీక్ష ఇలా. మెయిన్, ఎంసీబీలు అన్నీ ఆపండి. ప్లగ్గుల్లోంచి వస్తువులన్నీ, ఇన్వర్టరుతో సహా, తీసేయండి. డీబీలో న్యూట్రల్ వైర్లన్నీ బార్ నుంచి విప్పి విడివిడిగా ఉంచండి. మల్టీమీటరును బీప్ మీద పెట్టి ఒక్కొక్క న్యూట్రల్‌ను మిగతా ప్రతి న్యూట్రల్‌తో, తర్వాత ఎర్త్‌తో తాకించండి. ఎక్కడా మోగకూడదు. మోగితే ఆ రెండూ ఏదో బోర్డులో కలిసి ఉన్నాయి, అది వెతికి విడదీసేదాకా ప్లాస్టరింగ్ మొదలుపెట్టనివ్వకండి. ఆ తర్వాత ఎల్ఈడీ బల్బులు కూడా తీసేసి 500 వోల్టుల మెగ్గర్ (వైరు తొడుగు బాగుందా అని కొలిచే మీటరు) పరీక్ష చేయించాలి. ఒక మెగా ఓం కంటే తక్కువ వస్తే వైరు ఎక్కడో ఒరుసుకుపోయినట్టు. చివరగా కరెంటిచ్చి ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడాలి. తర్వాత కూడా నెలకోసారి నొక్కుతుండాలి.

నేల

ముందు చెమ్మ చూడండి. మీటరు చదరపు పాలిథిన్ కాగితం నేల మీద పరిచి అంచులు టేపుతో మూసి ఒక రోజు వదిలేయండి. కాగితం అడుగున నీటి చుక్కలు పడితే నిగనిగలాడే విట్రిఫైడ్ టైల్ వద్దు. అది చెమ్మను పైకి రానివ్వదు, ఆ చెమ్మ గోడల్లోకి ఎక్కి అడుగున సున్నం రాలుస్తుంది. అలాంటి ఇంటికి తాండూరు బండో కోటా రాయో వేయించండి. రెడ్ ఆక్సైడ్ గచ్చు పగుళ్ళు లేకుండా ఉంటే దాన్ని తీసేయడం పాపం, పాలిష్ పట్టిస్తే చాలు.

టైల్సే అయితే గదులకు 600×600 మి.మీ. డబుల్ చార్జ్ (రంగు పొర మందంగా ఉండేవి), బాత్రూముకు గరుకువి. బాత్రూం వాలు మీటరుకు 10 మి.మీ. తగ్గకూడదు. గమ్ముతో వేసే చోట పాత గచ్చును కర్రతో కొట్టి చూసి, గుల్ల మోగిన చోటల్లా తవ్వి నింపించాలి. టైల్‌కు టైల్ అంటించి వేయించుకోవడం ఇక్కడ పెద్ద గొప్పగా చెప్పుకుంటారు. వేసవికి అవే గుడారంలా పైకి లేస్తాయి. టైళ్ళ మధ్య 2 మి.మీ. స్పేసర్లు పెట్టించండి, గోడ దగ్గర 5 మి.మీ. వదిలించండి, ఆ ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. గ్రౌటు (సందులు పూడ్చడం) మర్నాడే, అదే రోజు కాదు.

స్కర్టింగ్, అలమరల పని అయ్యాక న్యూట్రల్ బీప్ పరీక్ష ఇంకోసారి చేయించండి. వడ్రంగి స్క్రూ గోడలో పైపును చీల్చుకుపోయిందేమో అప్పుడే బయటపడుతుంది.