ఫ్లోరైడ్ పల్లెల్లో వెన్నూ కాళ్లూ పరీక్షించే తీరు

తాగునీటి ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగుసుకుపోవడంపై మన దేశంలో 1937లో వచ్చిన తొలి నివేదిక నాటి నెల్లూరు జిల్లాది. ఆ జిల్లాలోని కనిగిరి, పొదిలి 1970లో కొత్త ఒంగోలు జిల్లాలోకి (తర్వాత దాని పేరే ప్రకాశం) వెళ్లాయి గానీ ఫ్లోరైడ్ సర్వేకి వెళ్లేవాళ్లు చేయాల్సిన పరీక్షలు మాత్రం ఇవే.

ముందు నేల మీది రూపాయి బిళ్ల తీయమనండి. చాలామంది గొంతుక్కూర్చుని తీసేస్తారు, అది లెక్కలోకి రాదు. మోకాళ్లు వంచకుండా తీయాలి. తర్వాత గడ్డం ఛాతీకి తగలాలి, రెండు చేతులూ తల వెనక్కి పోవాలి. ఇవి చేయలేకపోతే ఎముకలు బిగుసుకుంటున్నాయేమోనని అనుమానించాలి.

పాదంలో స్పర్శ చూడటానికి 10 గ్రాముల మోనోఫిలమెంట్, అంటే అంత ఒత్తిడికి వంగే నైలాన్ తీగ. కళ్లు మూయించి, తీగ వంగేదాకా నొక్కి, ఒకటి రెండు సెకన్లలో తీసేయండి. వట్టికాళ్లతో చేలో తిరిగిన పాదాలకు కాయలుంటాయి. వాటిమీద పెడితే స్పర్శ లేదని తప్పుగా రాసుకుంటారు. పక్కన మెత్తటి చోట పెట్టండి.

అసలు కీలకం అరికాలి బయటి అంచు. మడమ నుంచి వేళ్లవైపు మొద్దు పుల్లతో గీస్తే బొటనవేలు పైకి లేచి, మోకాలి కింద సుత్తితో తడితే వచ్చే కుదుపు కూడా ఎక్కువగా ఉంటే వెన్నుపాము నొక్కుకుపోతోందని అనుమానించి ఎంఆర్ఐకి పంపాలి. మడమ వెనక తడితే వచ్చే కుదుపు తగ్గి, పాదాలు తిమ్మిరెక్కితే ముందు షుగర్ చూడండి.

ఫ్లోరైడ్ ఎంతుందో చూసే మూత్రం ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి. గాజు సీసా అయితే ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పుతుంది.