ఒకే సంఘం, అనేక వ్యాపారాలు: జిల్లా వినియోగదారుల సహకార స్టోర్‌ను నడిపే పద్ధతి

జిల్లా వినియోగదారుల సహకార స్టోర్స్ పాలకవర్గానికి కొత్తగా ఎన్నికైనవారు ముందుగా గ్రహించవలసింది, తమ చేతికి వచ్చింది ఒక్క వ్యాపారం కాదని. కిరాణా, మందుల దుకాణం, వంటగ్యాస్ ఏజెన్సీ, హాస్టళ్లకు సరుకుల సరఫరా, కొన్నిచోట్ల పెట్రోలు బంకు కూడా ఒకే బోర్డు కింద నడుస్తుంటాయి. వీటిలో ఒక్కొక్కదానికి లాభం వచ్చే దారి వేరు, డబ్బు కారిపోయే చోటు వేరు.

అందుచేత మొదటి పని లెక్కలు విడదీయడం. ప్రతి విభాగానికి కొనుగోళ్లు, అమ్మకాలు, జీతాలు, కరెంటు బిల్లు, వాడుకున్న పెట్టుబడిపై వడ్డీ విడిగా రాయాలి. దుకాణం సంఘం సొంత భవనంలోనే ఉన్నా, బయట అద్దెకు ఇస్తే ఎంత వచ్చేదో అంత అద్దె ఆ విభాగం ఖాతాలో ఖర్చుగా చూపాలి. ప్రధాన కార్యాలయం ఖర్చును ఏ నిష్పత్తిలో పంచాలో పాలకవర్గం ఏడాది మొదట్లోనే తీర్మానించుకోవాలి. ఏడాది చివర పంచితే ఎవరికి నచ్చినట్టు వారు పంచుతారు. ఈ పని చేయకపోతే గ్యాస్ కమీషన్ కిరాణా నష్టాన్ని ఏళ్ల తరబడి కప్పిపుచ్చుతుంది, మొత్తం మీద లాభం కనిపిస్తోంది గనుక అడిగేవారు ఉండరు. రూపాయి విలువ తగ్గించిన 1966లోనే, ధరలకు కళ్లెం వేసే ఆశతో మొదలైన సహకార స్టోరు ఢిల్లీ సూపర్ బజార్‌కు నష్టాలు పేరుకుపోయి 2002లో మూసివేత ఉత్తర్వు వచ్చింది. అంత పేరున్న సంస్థకే ఆ గతి పట్టిందన్న సంగతి ప్రతి డైరెక్టరూ గుర్తుంచుకోవాలి.

తరువాత, కమీషన్ మీద నడిచే వ్యాపారాలను, మార్జిన్ మీద, అంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద నడిచే వ్యాపారాలను వేరువేరుగా చూడాలి. గ్యాస్, పెట్రోలు, రేషన్ సరుకుల ధర మన చేతిలో లేదు, కమీషనూ పైనుంచే ఖరారవుతుంది. ఇక్కడ మన చేతిలో ఉన్నది ఖర్చు, క్రమశిక్షణ మాత్రమే. ప్రతి సాయంత్రం గోడౌన్‌లో నిండు సిలిండర్లు, ఖాళీవి, డెలివరీకి వెళ్లి ఇంకా తిరిగిరానివి లెక్కపెట్టి, మూడింటి మొత్తం రిజిస్టరులోని సంఖ్యతో సరిపోయిందని ఇద్దరు సంతకం చేయాలి. డెలివరీ సిబ్బంది దగ్గర తూకం కాటా తప్పక ఉండాలి, 14.2 కిలోల గ్యాస్ ఉందో లేదో ఇంటి ముందే తూచి చూపమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది, అందులోనూ ఆ ఇంటివారు మన సభ్యులు.

కిరాణా విభాగం పరీక్ష అంతా కొనుగోలులోనూ, తరుగులోనూ ఉంటుంది. వేసవి మొదట్లో కొత్త చింతపండు చవకగా దొరుకుతుందని ఏడాదికి సరిపడా కొంటారు. అందులో తేమ ఎక్కువ కాబట్టి గోడౌన్‌లో ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది. బెల్లం వానాకాలంలో చెమ్మగిల్లి గోనెకు అంటుకుంటుంది. కందిపప్పు బస్తా విప్పి కిలో ప్యాకెట్లు కట్టేటప్పుడు నూక, పొట్టు, చిందినది కలిసి కొంత పోతుంది. ఇది సహజమే. అయితే అన్ని సరుకులకూ కలిపి ఒకే శాతం తరుగు అనుమతిస్తే, ఆ శాతం మేరకు సరుకు పోవడం అలవాటుగా మారుతుంది. కాబట్టి ప్యాకింగ్‌కు ఇచ్చిన బరువు, తయారైన ప్యాకెట్ల బరువు, మిగిలిన నూక బరువు ఒకే పుటలో రాయించాలి. రెండు మూడు సీజన్ల లెక్కలు చేతికి వచ్చాక సరుకువారీగా హద్దు నిర్ణయించాలి. నిల్వల తనిఖీకి ఒక శాఖ సిబ్బందిని మరో శాఖకు, ముందుగా చెప్పకుండా పంపాలి. నిజాయితీగా పనిచేసే సేల్స్‌మన్‌కు ఈ తనిఖీయే రక్షణ అని సిబ్బందికి మొదటే వివరించడం మంచిది.

మందుల దుకాణంలో రిజిస్టర్డ్ ఫార్మసిస్టు లేని సమయంలో అమ్మకం జరగకూడదు. ముందుగా గడువు తీరే మందులు అరలో ముందు వరుసలో ఉండాలి. మూడు నెలల్లో గడువు తీరేవాటిని నెలనెలా వేరుచేసి, పంపిణీదారు వాపసు తీసుకునే వ్యవధి దాటకముందే పంపేయాలి.

అరువు అమ్మకాలపై గట్టిగా ఉండవలసిందే. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో దుకాణం తెరిచిన నేత కార్మికులు, ఇతర చేతిపనివారు నగదుకే అమ్మాలని నియమం పెట్టుకున్నారు. పేదవారై ఉండీ ఆ నియమం పెట్టుకోవడం వల్లే వారి సంఘం నిలిచిందని నా అభిప్రాయం. హాస్టళ్లకు, కార్యాలయాలకు నగదు షరతు కుదరదు. అక్కడ బకాయికి పరిమితి పెట్టి, ఆ బకాయిపై పడే వడ్డీని సరఫరా విభాగం ఖాతాలోనే రాయాలి. బిల్లులు మంజూరయ్యేసరికి అమ్మకంలో వచ్చిన లాభం మిగిలిందో లేదో అప్పుడే తెలుస్తుంది.

కొత్త వ్యాపారం తలపెట్టినప్పుడు సభ్యులకు అది అవసరమా, నడిపే నేర్పు మనకుందా, నష్టం వస్తే ఎంతవరకు భరించగలం అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఉండాలి. ఇంగ్లండులో 2005లో రెండు ప్రాంతీయ సంఘాలు కలిసి ఏర్పడిన మిడ్‌కౌంటీస్ కోఆపరేటివ్ కిరాణాతో పాటు ప్రయాణ సేవలు, పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు, అంత్యక్రియల సేవలు నడుపుతూ విద్యుత్, గ్యాస్ సరఫరాలోకీ దిగింది. 2019లో ఆ ఇంధన వినియోగదారుల సేవలను ఆక్టోపస్ ఎనర్జీ అనే కంపెనీకి అప్పగించి, పేరు మాత్రం కొనసాగించింది. టోకు ధరలు రోజురోజుకూ మారే వ్యాపారాన్ని నేర్పు ఉన్నవారికి అప్పగించడంలో చిన్నతనం ఏమీ లేదు. నష్టమొచ్చినా సభ్యుల కోసం ఏదైనా విభాగాన్ని ఉంచదలిస్తే ఉంచవచ్చు. అయితే ఎంత నష్టం, ఎన్నాళ్లు అన్నది సర్వసభ్య సమావేశంలో చెప్పి, ఒప్పించి ఉంచాలి.

మిగులు వచ్చినప్పుడు చట్టం, బైలాల ప్రకారం రిజర్వు నిధికి, ఇతర నిధులకు తీయగా మిగిలినదాన్ని వాటాలపై డివిడెండుగా, సభ్యులు చేసిన కొనుగోళ్లపై రిబేటుగా పంచుతారు. రిబేటు ఇవ్వాలంటే ప్రతి విభాగంలోనూ బిల్లుపై సభ్యత్వ సంఖ్య పడాలి, కాబట్టి అన్ని కౌంటర్లకూ ఒకే సంఖ్య పనిచేసేలా బిల్లింగ్ ఏర్పాటు చేసుకోవాలి. సర్వసభ్య సమావేశం నోటీసుతో పాటే విభాగాలవారీ లాభనష్టాల పట్టిక ఒకటి, తెలుగులో, ఒక్క పుటకు మించకుండా ప్రతి సభ్యుడికీ పంపించాలి.